అచ్చాయమ్మగారికి గాలి పడదు

చీకటి పడ్డాక మా ఆత్రేయపురంలో పాపాయమ్మగారి పెరటి సందులోంచి ఎవరూ వెళ్ళేవారు కాదు.

రొయ్యల చెరువుల డబ్బు కొత్తగా పొంగుతున్న రోజుల మాట ఇది. తొంభై నాలుగో, తొంభై అయిదో. పగలు ఆ సందు మామూలు సందే. బడికెళ్ళే పిల్లలు, పాలవాళ్ళు, కూలికి పూతరేకులు తీసే ఆడవాళ్ళు, వాళ్ళ వెనకాల మేకలు... అందరూ నడిచేవారు. దీపాలు పెట్టాక మాత్రం కాలవగట్టు మీదుగా చుట్టు తిరిగి వచ్చేవారు గానీ సందులో అడుగు పెట్టేవారు కాదు.

అందరికీ భయం అచ్చాయమ్మగారంటే.

అచ్చాయమ్మగారు పాపాయమ్మగారికి అత్తగారు. పెద్ద ఆసామి ఇల్లాలు. బతికున్నప్పుడే ఆవిడంటే వీధంతా హడల్. ఆవిడకి గాలి పడదు. రోహిణి కార్తెలో, కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఎండల్లో, చెవుల్లో దూది పెట్టుకుని, తలకి మఫ్లరు చుట్టుకుని అరుగు మీద కూర్చునేవారు. ఏ ఇంటికి పేరంటానికి వెళ్ళినా గుమ్మంలోంచే "ఆపండర్రా ఆ ఫ్యాను!" అని కేక వేసేవారు. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళు చెమటకి తడిసి ముద్దయిపోయి తాంబూలం పుచ్చుకోకుండానే లేచిపోయేవారు.

అలాంటావిడ మేడ మీద వెనక గదిలో కన్ను మూశారు. ఆ తర్వాత ఆస్తి కోర్టుల చుట్టూ తిరిగింది, ఆవిడ కొడుకు, అంటే పాపాయమ్మగారి భర్త కూడా పోయాడు, పొలాలు పోయాయి. ఇల్లొకటీ, అందులో పాపాయమ్మగారొక్కరూ మిగిలారు.

అప్పుడు మొదలయ్యింది...

ఊరు మాటుమణిగాక ఆ పెరట్లోంచి ఎండుటాకులు కాలిన వాసన. గోడ మీద ఎర్రటి వెలుగు — ఇలా కనపడి, అలా ఆరిపోయేది. ఆ వెలుగులో తెల్లగా ఏదో పైకి లేచేది... గాల్లో ఒక్క క్షణం నిలిచేది... మాయమైపోయేది.

గోదావరిలో వల వేసుకుని ఆలస్యంగా ఇంటికొస్తూ చిట్టియ్య ఒకసారి చూశాడు. మర్నాటికి జ్వరం. తాయెత్తు కట్టించుకున్నాక గానీ నోరు విప్పలేదు.

"చీర కాదండి... పొగా కాదండి..." అన్నాడు గొంతు తగ్గించి. "మనిషి ఒంటిమీంచి పొర వలిచి పట్టుకున్నట్టుందండి. అవతలి మంట కనపడతా ఉందండి దాన్లోంచి."

ఆ మాట విన్నాక ఇంక సందులోకి ఎవరు వెళ్తారు?

ఆ ఇంటి మేడ మీద ముందు గదుల్లో అద్దెకి దిగాడు రాజేంద్ర. మా ఊరికి బదిలీ మీద వచ్చిన పశువుల డాక్టరు. ఎద్దుల కొమ్ములకి బెదరని మనిషి. దెయ్యం సంగతి చెబితే నవ్వేసి, "ఆవిడకి గిట్టనిది గాలి కదండీ, నేను కాదు కదా" అన్నాడు. నెమ్మదైన కుర్రాడు. కళ్ళలో మాత్రం ఎప్పుడూ ఒక దిగులుండేది.

ఆ దిగులుకి కారణం మొగల్తూరులో ఉంది. భార్య అశ్విని పురిటికి పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. పిల్లని రాజేంద్ర కళ్ళారా చూసింది రెండుసార్లే. సాయంత్రం ఎస్టీడీ బూతుకి వెళ్ళి ఫోను చేసేవాడు. అశ్విని ఫోను తీసుకెళ్ళి పిల్ల నోటి దగ్గర పెట్టేది. అది ఊపిరి తీస్తుంటే వింటూ నిలబడేవాడు. బూతులో మీటరు గిర్రున తిరిగిపోతున్నా పట్టించుకునేవాడు కాదు.

మూడో నెల దాటింది, ఇంక పంపొచ్చు. కానీ మామగారు అమ్మిరాజుగారు పంపనన్నారు.

అమ్మిరాజుగారికి రొయ్యలు కలిసొచ్చాయి. కూతురి పురిటికని ఇంట్లో ఏసీ పెట్టించారు. బాలింతకి చల్లగాలేంటని ముసలమ్మలందరూ గగ్గోలు పెడితే, కూతురి చెవుల్లో దూది కుక్కించి మరీ ఏసీ వేశారు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చల్లదనంలోనే పెరిగిందేమో, కరెంటు పోతే చాలు ఆ పిల్ల గుక్కపట్టి ఏడ్చేది.

"ఏసీ లేని ఇంటికి నా మనవరాల్ని పంపనండి, అల్లుడుగారూ" అని తేల్చేశారాయన. "మీరు పెట్టించండి, ఆ సాయంత్రమే కార్లో దింపేస్తాను."

రాజేంద్ర ఏసీకి సిద్ధమే. కానీ ముందు గదులకి పెంకు కప్పు. చల్లదనం నిలవదు. శ్లాబు ఉన్నది ఒక్క వెనక గదికే. అచ్చాయమ్మగారి గదికి. దాని కిటికీ సరిగ్గా పెరటి మీదికి తెరుచుకుంటుంది.

ఓ సాయంత్రం కిందికి దిగి వచ్చాడు. పాపాయమ్మగారు వరండాలో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నారు.

"పిన్నిగారూ, ఆ వెనక గది నాకు ఇప్పిస్తారా అండి? ఏసీ పెట్టుకుంటాను. ఖర్చంతా నాదే."

ఆవిడ చేతిలో కత్తి ఆగిపోయింది.

"మన వీధిలో కరెంటు దానికి ఆనదు బాబూ."

"స్టెబిలైజరు పెట్టిస్తానండి."

"నీళ్ళు కారతాయంట కదా."

"గొట్టం వేయిస్తానండి."

"గోడ పగలగొట్టాలేమో..."

"అబ్బే, కిటికీలోనే కూర్చోబెట్టేస్తారండి. గోడ జోలికే వెళ్ళరు."

ఆవిడ అడ్డంకులు అయిపోయాయి. ఇటూ అటూ చూశారు. గొంతు బాగా తగ్గించారు.

"నాదేముంది బాబూ... ఇల్లు ఇప్పటికీ మా అత్తగారి పేరునే ఉంది. ఆవిడకి గాలి పడదు."

"ఆవిడ పోయారు కదండీ?"

"పోయారు..." పాపాయమ్మగారు మేడ వంక చూశారు. "కానీ ఇల్లు ఖాళీ చెయ్యలేదు."

రాజేంద్ర మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. పాపాయమ్మగారిది ఒకటే మాట — మా అత్తగారు ఒప్పుకోరు. చివరికి అతనికి ఒళ్ళు మండింది.

"అయితే ఆవిడ్నే అడిగి తేల్చుకుంటాను" అనుకున్నాడు మనసులో. పైకి అని ఉంటే ఇంత కథే లేకపోను.

అమావాస్య వెళ్ళిన మర్నాడో, ఆ మర్నాడో. ఉక్కగా ఉంది. ఆకు కదలడం లేదు. వీధి వీధంతా నిద్రపోయింది. వెనక గది తాళం చెవి మెట్ల పక్కన మేకుకే వేలాడుతూ ఉండేది. దెయ్యం గదికి దొంగలు రారని దాన్ని ఎవరూ దాచలేదు. రాజేంద్ర టార్చి తీసుకుని, తాళం తీసి, లోపలికి అడుగు పెట్టాడు.

దుమ్ము... కలరా ఉండల వాసన... మూలన నులకమంచం.

టార్చి ఆర్పేశాడు. వెలుతురు మొహాన కొడితే పెద్దావిడకి కోపం వస్తుందేమోనని. చేతులు కట్టుకున్నాడు.

"అమ్మా..." దగ్గి మళ్ళీ మొదలెట్టాడు. "అమ్మా, నేను మీ ముందు వాటాలో అద్దెకుండే డాక్టర్నండి. పశువుల డాక్టర్ని... తమకి గాలి పడదని తెలుసండి. కానీ ఇది ఫ్యాను గాలి కాదండి. మెల్లిగా వస్తుందండి. చెవుల్లోకి పోదండి. మా పాప కోసమండి... దాన్ని సరిగ్గా ఎత్తుకోను కూడా లేదండి నేను. తమరు ఒప్పుకుంటే... ఏదైనా ఒక గుర్తు చూపించండి."

ఎక్కడో కీచురాయి కూసి ఆగిపోయింది.

అప్పుడు...

"చప్..."

తడిగుడ్డ దేనికో తగిలిన చప్పుడు. కింద నుంచి.

"చప్..."

వాసన వచ్చింది. ఎండుటాకులు కాలుతున్న వాసన. గది పైకప్పు మీద ఎర్రటి మరక ఒకటి ఊగింది. రాజేంద్ర కాళ్ళు అతని మాట వినడం మానేశాయి. అవే అతన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాయి. కిటికీ రెక్కల సందులోంచి కిందికి చూశాడు.

చీకట్లో నిప్పు. నిప్పు పైన తెల్లగా, పల్చగా... పొర. లేచింది. గాల్లో నిలిచింది. దాన్లోంచి అవతలి మంట కనపడుతోంది.

దాని పక్కనే — ఇంకొకటి లేచింది.

రెండు!

చేతిలో టార్చి జారి నేల మీద పడింది. ఠంగుమంది.

కింద ఆ రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ తర్వాత చీకట్లోంచి, మెల్లిగా, ఆడగొంతు —

"ఎవరది...?"

రాజేంద్ర పరుగు తీశాడు. ఆ గదికి రెండు తలుపులు. ఒకటి అతను వచ్చింది. రెండోది పెరట్లోకి మెట్లు దిగేది. భయంలో మనిషి ఏ తలుపు తీస్తాడో చెప్పలేం కదా... అతను రెండోది తీశాడు.

ఆ మెట్ల కింద ఏం జరిగిందో అప్పట్లో అతను ఎవరికీ చెప్పలేదు.

తెల్లారాక బంగార్రాజు కాఫీ హోటల్లో మాత్రం ఊరందరికీ చెప్పాడు. టీ సాసర్లోకి ఒంపుకుని, తాగకుండానే పక్కన పెట్టేశాడు.

"చూశానండి. తెల్లగా... పల్చగా... నిప్పు మీంచి లేచిందండి. ఆ సందులోకి ఎవరూ వెళ్ళకండి. పగలు కూడా అటు తిరిగి చూడకండి."

చదువుకున్న మనిషి, పైగా డాక్టరు. ఇంక ఎవరికీ అనుమానం లేకపోయింది. ఆ రోజు నుంచి పగలు కూడా మేకలు మాత్రమే సందులోంచి వెళ్ళాయి.

అయితే ఒక్కటే ఎవరికీ అంతుపట్టలేదు. ఆ మధ్యాహ్నమే రాజేంద్ర రాజమండ్రి వెళ్ళి ఏసీ కొన్నాడు. మర్నాటికల్లా అది అట్టపెట్టెతో సహా పాపాయమ్మగారి వరండాలోకి దిగింది. ఆవిడ కూడా వెనక గది కడిగించి, సున్నం కొట్టించడం మొదలెట్టారు.

"దెయ్యాన్ని చూసినోడు ఇల్లు ఖాళీ చేస్తాడు గానీ, ఏసీ కొనుక్కుంటాడేంటండి?" అని బంగార్రాజు వచ్చినవాళ్ళందర్నీ అడిగేవాడు.

ఇంతలో దెయ్యం కబురు ఎర్రబస్సెక్కింది. రావులపాలెం దాటింది, సిద్ధాంతం వంతెన దాటింది, పాలకొల్లులో బస్సు మారింది, నరసాపురం మీదుగా మొగల్తూరు చేరింది. చేరేసరికి మా అచ్చాయమ్మగారికి కోరలు మొలిచాయి. పాదాలు వెనక్కి తిరిగాయి. పసిపిల్లలంటే ఆవిడకి ప్రత్యేకించి ఇష్టమని కూడా ఎవరో కలిపారు.

ఏసీ బిగించేవాడు రేపొస్తాడనగా, దీపాలు పెట్టేవేళకి, అమ్మిరాజుగారి తెల్ల అంబాసిడరు వచ్చి పాపాయమ్మగారి గుమ్మంలో ఆగింది. అప్పుడే కరెంటు కూడా పోయింది. కారు దీపాల వెలుగులో వీధంతా పోగయ్యింది. నేనూ వెళ్ళాను. మా ఇల్లు ఎదురుగానే.

అమ్మిరాజుగారు భారీ మనిషి. మీసం మీదున్న చెయ్యి తియ్యకుండానే మాట్లాడారు.

"అల్లుడుగారూ, ఒక్క మాట. చూశారా, లేదా?"

రాజేంద్ర ముందు అరుగు మీదికి రమ్మని దారి చూపించాడు. ఆయన కదల్లేదు.

"అబద్ధమని ఒక్క మాట చెప్పండి చాలు. రేపే అమ్మాయినీ పాపనీ తీసుకొచ్చి దింపేస్తాను. నిజమని చెప్పండి... మీకు ఈ ఊరి నుంచి బదిలీ అయ్యేదాకా వాళ్ళిద్దరూ నా దగ్గరే ఉంటారు. అది యేడాదైనా సరే, మూడేళ్ళైనా సరే."

రాజేంద్ర పాపాయమ్మగారి తలుపు వంక చూశాడు. అది మూసి ఉంది. కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశానండి, మావయ్యగారూ" అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆ కుర్రాడి మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. పోయినవారమే అమ్మిరాజుగారు ఉయ్యాల ముందుగా పంపించారు. రంగులేసిన కొత్త ఉయ్యాల. ఇప్పుడు డ్రైవరు దాన్ని పైనుంచి దింపి, కారు మీద పెట్టి తాడు కట్టడం మొదలెట్టాడు. రాజేంద్ర దాని కాలు పట్టుకుని నిలబడ్డాడు. వదలమంటే వదల్లేదు.

అప్పుడు పాపాయమ్మగారి తలుపు తెరుచుకుంది.

ఆవిడ బయటికొచ్చారు. మోచేతుల దాకా తెల్లగా ఏదో పూసుకుని ఉంది. కారు దీపాల్లో అది మెరిసింది. ముందు వరసలో వాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు.

"అన్నయ్యగారూ, ఆ ఉయ్యాల దింపించండి" అన్నారావిడ. "ఆ దెయ్యాన్ని నేనేనండి."

ఎవరికీ అర్థం కాలేదు.

"తెల్లగా లేచేది దెయ్యం కాదండి, పూతరేకు. రాత్రిళ్ళు నేనే తీస్తాను. తెల్లారేలోగా రావులపాలెం కొట్టుకి పంపేస్తాను. పొట్ట గడవాలి కదండీ. మీ అల్లుడుగారు ఆ రాత్రి మెట్ల మీంచి వచ్చి నా కుండ పక్కన పడ్డారు. ఎవరికీ చెప్పనని, దెయ్యాన్నే చూశానని ఊరంతా చెబుతానని పిల్ల మీద ఒట్టేయించుకుని, అప్పుడు ఏసీకి ఒప్పుకున్నాను. బుద్ధి లేక. ఆ ఒట్టుకే ఆ అబ్బాయి నోరు కట్టుకుని నిలబడ్డాడు. పసిపిల్లని తండ్రి దగ్గరికి రాకుండా ఆపకండి, మీకు పుణ్యముంటుంది."

పూతరేకుల ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం. పిండిలో ముంచిన గుడ్డ కాలే కుండ మీద అలా పరిచి తియ్యగానే, రోజూ వందల రేకులు కళ్ళ ముందు కుండ మీంచి లేస్తాయి. అయినా ఎవరూ గుర్తుపట్టలేదు. ఆసామి గారింట్లో, అచ్చాయమ్మగారి కోడలు, కూలి ఆడదానిలాగా కుండ ముందు కూర్చుంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు? ఇప్పుడు ఆవిడే నోటితో చెబుతున్నా వీధి వీధంతా నోరెళ్ళబెట్టుకుని చూస్తోంది.

అమ్మిరాజుగారు మాత్రం ఆవిడ చేతుల వంక చూశారు. పిండి కింద కాలి నల్లబడ్డ వేళ్ళు చూశారు. మీసం మీంచి చెయ్యి దించారు. తర్వాత ఉన్నట్టుండి రెండు చేతులూ జోడించి, వీధి చివరిదాకా వినపడేలా అన్నారు —

"అమ్మా! అచ్చాయమ్మగారూ! తమరేనా!"

జనంలో గుప్పున అలజడి రేగింది.

"కాదండీ, నేను పాపా—"

"తమరేనండి. కోడలి ఒంటి మీదికి వచ్చారు. నాకర్థమయ్యింది." ఒక అడుగు ముందుకేసి, ఈసారి ఆవిడకి మాత్రమే వినపడేలా అన్నారు. ఆవిడ పక్కనే ఉన్నాను కాబట్టి నాకూ వినపడింది. "మా అమ్మ కూడా రాత్రిళ్ళే ఊళ్ళోవాళ్ళ వడ్లు దంచేదమ్మా, ఎవరూ చూడకుండా. నాకు అర్థమయ్యింది."

పాపాయమ్మగారి కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. నేను ఇంట్లోకి పరిగెత్తి హారతి పళ్ళెం, కర్పూరం తెచ్చి, "అమ్మో, అచ్చాయమ్మత్తగారే!" అని కేక పెట్టి వెలిగించాను. అంతే, ఆడవాళ్ళందరూ చెంపలు వేసుకున్నారు. ఆసామి కోడలు కూలికి రేకులు తీస్తుందని నమ్మడం కన్నా, అచ్చాయమ్మగారు పూని మాట్లాడుతున్నారని నమ్మడం మా వీధికి సులువు.

పాపాయమ్మగారు ఒక్క క్షణం తటపటాయించారు. తర్వాత నడుము మీద చెయ్యి పెట్టుకున్నారు. ఇరవై యేళ్ళపాటు రోజూ విన్న గొంతు కదా, అచ్చు గుద్దినట్టు వచ్చింది.

"ఎవర్రా ఆ గాలి పెట్టె తెచ్చింది?"

మా చిట్టియ్య చేతిలో వల కింద పడేశాడు.

"మా అల్లుడుగారండి. పసిపిల్ల కోసమండి" అన్నారు అమ్మిరాజుగారు.

"నాకు గాలి పడదని తెలీదా?"

"తెలుసండి. అందుకే తమరితోనే మాట్లాడుకుందామని వచ్చాం. ఏ వేళప్పుడు తమకి ఇబ్బందిగా ఉంటుందో సెలవియ్యండి."

"ఊరు మాటుమణిగిన దగ్గర్నుంచి తొలికోడి కూసేదాకా దాని చప్పుడు నాకు వినపడకూడదు."

"అమ్మా, మరీ తొలికోడంటే ఎలాగండి? పసిగుడ్డు. ఉక్కకి ఒళ్ళంతా పేలిపోతుంది. అర్ధరాత్రి దాటాక వేసుకోనివ్వండి."

"కుదరదు."

"పోనీ రెండింటికండి."

"మూడు."

"మధ్యలో చేద్దామండి. రెండున్నర."

దెయ్యం కాసేపు ఆలోచించింది.

"సరే. రెండున్నర. ఆ నీళ్ళు పెరట్లో ఒక్క చుక్క పడకూడదు."

"గొట్టం వేయించి సందులోకి వదిలేస్తామండి."

"ఆ కిటికీలోంచి కిందికి ఎవరూ తొంగి చూడకూడదు."

"కిటికీ నిండా ఏసీయే ఉంటుంది కదండీ. చూద్దామన్నా సందుండదు."

వెనక నుంచి బంగార్రాజు ఉండబట్టలేక అడిగేశాడు. "మరి కరెంటు బిల్లు ఎవరు కడతారండి?"

"అద్దెకున్నవాళ్ళే!" అంది దెయ్యం, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఎవరో ఒకావిడ ధైర్యం చేసి ముందుకొచ్చింది. "అమ్మా, మా గేదె ఈసారి పెయ్యదూడని ఈనుతుందా?"

"నన్నడుగుతావేంటే? డాక్టరు పక్కనే ఉన్నాడుగా!"

అప్పుడు రాజేంద్ర నవ్వాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఉయ్యాల కాలు వదిలిపెట్టలేదు. డ్రైవరు తనంతట తనే తాడు విప్పేశాడు.

పాపాయమ్మగారు కళ్ళు మూసుకుని వెనక్కి వాలిపోయారు. నేను పట్టుకుని అరుగు మీద ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను.

అన్నమాట ప్రకారం మర్నాటి సాయంత్రానికి అశ్విని, పిల్ల దిగారు. ఏసీ వేసిన మొదటి రాత్రి మా వీధి దీపాలన్నీ మినుకుమినుకుమన్నాయి. మా ఇంట్లో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కరు కూడా గొడవకి వెళ్ళలేదు. అచ్చాయమ్మగారు స్వయంగా ఒప్పుకున్న ఏసీ, ఎవరేమంటారు? పిల్ల నిద్రపోయేదాకా అది తిరిగేది. దాని వెనక గాలి పెరట్లోకి కొడితే రేకు నిలవదు కదా, అందుకని ఊరు మాటుమణిగేసరికి ఆగిపోయేది. అప్పుడు పెరట్లోంచి ఎండుటాకుల వాసన వచ్చేది. రాజేంద్ర పిల్లని భుజాన వేసుకుని చీకట్లో గదిలో పచార్లు చేసేవాడట, రెండున్నర అయ్యేదాకా. అంత హాయి తనకి ఇంకెప్పుడూ లేదని బదిలీ అయ్యి వెళ్ళేటప్పుడు నాతో చెప్పాడు.

ఇప్పుడు పాపాయమ్మగారు పగలే, వీధి అరుగు మీదే, కుండ పెట్టుకుని రేకులు తీస్తున్నారు. సిగ్గు ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలీదు. కాబట్టి చెప్పినా తప్పు లేదు.

ఇదంతా ఎదురింటిదాన్ని నాకెలా తెలుసని అడుగుతారేమో. రాజేంద్ర ఆ రాత్రి కిటికీలోంచి చూసింది రెండు రేకుల్ని కదా. రెండు కుండలు, రెండు నిప్పులు.

రెండో కుండ నాది.

మా ఆయన బడిపంతులు. పరువుగల మనిషి, పడుకుంటే పిడుగు పడినా లేవరు. ఆయనకి ఇవాళ్టికీ తెలీదు. ఆ సాయంత్రం కారు దీపాల్లో, ఊరందరి ముందు, పాపాయమ్మ తన ఒక్కదాని పేరే చెప్పుకుంది. పక్కనే నిలబడి ఉన్న నా వంక కన్నెత్తి కూడా చూడలేదు. తన పరువు ఆ పిల్ల కోసం వదిలేసి, నా పరువు మాత్రం కొంగున కట్టుకుని దాచింది. దానికి నేనెంత చేసినా తక్కువే.

పూనకం దిగినట్టు నా ఒళ్ళో వాలిపోయినప్పుడు, కర్పూరం పొగలో, ఎవరికీ వినపడకుండా నా చెవిలో అడిగింది —

"సంపూర్ణా... పిండి మీద మూత పెట్టి వచ్చావా?"